గాయపడ్డ శత్రువు కోసం నియమాలు రాసినవాడు: టౌరంగా హేనరే తరతోవా

సెలవులు కలిసొస్తే న్యూజిలాండ్‌లోని మన తెలుగు కుటుంబాలు వెళ్ళే ఊళ్ళలో టౌరంగా ఒకటి. మౌంట్ మాంగనుయి ఎక్కుతాం, బీచ్‌లో పిల్లల్ని ఆడిస్తాం, దారిలో కివీ తోటలు చూసుకుంటూ తిరిగొస్తాం. ఆ ఊరి మధ్య నుంచి పోయే కామెరాన్ రోడ్ మీద గేట్ పా అనే చోటు ఉంది. పక్కనే షాపులు, ఒక చర్చి, ఒక చిన్న పార్కు. చాలామంది కారు ఆపకుండానే దాటిపోతారు. 1864 ఏప్రిల్ 29న అక్కడ జరిగిన యుద్ధం గురించి, ఆ యుద్ధంతో పేరు ముడిపడిన ఒక మనిషి గురించి ఈసారి రాస్తున్నాను. ఆయన పేరు హేనరే విరెము తరతోవా. ఈ దేశంలో పేరున్న మనిషే కానీ, మనవాళ్ళలో ఆయన గురించి తెలిసినవాళ్ళు తక్కువ.

ఈ దేశపు స్కూళ్ళలో 2023 నుంచి న్యూజిలాండ్ చరిత్ర తప్పనిసరి పాఠం అయింది. పిల్లలు ఇంటికొచ్చి అడిగే ప్రశ్నలు మారాయి. చంపకూడదని బైబిల్ చెబుతుంది కదా, మరి రెండు వైపులా బైబిల్ చదివేవాళ్ళే ఉన్నప్పుడు ఒకరినొకరు ఎలా కాల్చుకున్నారు అన్నది అందులో ఒకటి. చర్చికి వెళ్ళే ఇళ్ళలోనే కాదు, గుడికి వెళ్ళే ఇళ్ళలో కూడా ఈ ప్రశ్న వస్తోంది. అహింస గొప్పదని చెప్పే మనమే పిల్లలకి కురుక్షేత్రం కథ కూడా చెబుతాం కదా. ఈ ప్రశ్నకి నాకు దొరికిన సమాధానాల్లో అన్నిటికన్నా నిజాయితీగా అనిపించింది తరతోవా జీవితమే.

ఆయన సుమారు 1830లో టౌరంగా ప్రాంతంలో పుట్టాడు. తెగ న్గాయ్ తె రంగి. హెన్రీ విలియమ్స్ అనే మిషనరీ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకుని, ఆయన పేరే పెట్టుకున్నాడు. హెన్రీ విలియమ్స్ అన్నది మావోరీ నోట హేనరే విరెము అయింది. ఆక్లాండ్‌లో బిషప్ సెల్విన్ నడిపిన సెయింట్ జాన్స్ కాలేజీలో చదువుకున్నాడు. అక్కడి నుంచి మిషన్ పని మీద పసిఫిక్ దీవులకి వెళ్ళాడు. లాయల్టీ దీవుల్లో ఒకటైన మారేలో కొంతకాలం ఉన్నాడు. తిరిగొచ్చాక వెల్లింగ్టన్‌కి ఉత్తరాన ఉన్న ఓటకిలో, ఆక్టేవియస్ హ్యాడ్‌ఫీల్డ్ మిషన్ స్కూల్లో పంతులుగా పనిచేశాడు. ఇంత చదువూ సేవా ఉన్నా పాదిరి మాత్రం కాలేదు.

1860 తర్వాత ఈ దేశంలో పరిస్థితి చెడింది. వలస వచ్చినవాళ్ళకి భూములు కావాలి. భూమి పోకుండా కాపాడుకోవాలని మావోరీ తెగలు కొన్ని 1858లో ఒక రాజుని ఎన్నుకున్నాయి. దాన్ని కింగితంగా అంటారు. 1863 జులైలో బ్రిటిష్ సైన్యం వైకాటో మీదికి దిగింది. టౌరంగా వాళ్ళలో చాలామంది రాజు వైపు నిలబడ్డారు. 1861లోనే సొంత ఊరికి తిరిగొచ్చిన తరతోవా కూడా వాళ్ళతో కలిశాడు. తనకి చదువు చెప్పిన మనుషుల ప్రభుత్వం మీదే తుపాకీ పట్టాల్సి వచ్చింది. చదువు వల్ల వచ్చిన విశ్వాసాన్ని వదల్లేదు, తన జనాన్నీ వదల్లేదు. ఈ రెండింటి మధ్య ఎంత నలిగాడో ఊహించుకోవచ్చు.

1864 జనవరిలో సైన్యం టౌరంగాలో తె పాపా అనే మిషన్ స్థలంలో దిగింది. మార్చి 28న అక్కడి సైన్యాధికారి కల్నల్ గ్రీర్‌కి మావోరీల నుంచి ఒక ఉత్తరం వెళ్ళింది. కింద వేరే పెద్దల సంతకాలు ఉన్నా, దాన్ని రాసిన చెయ్యి తరతోవాదేనని చెబుతారు. రాబోయే యుద్ధంలో తమ వాళ్ళు పాటించే నియమాలు అందులో ఉన్నాయి. గాయపడి తుపాకీ అప్పగించిన సైనికుడిని చంపరు. ఆయుధం లేకుండా ఎదురుపడ్డ సైనికుడిని పట్టుకుని చట్టానికి అప్పగిస్తారు. తుపాకీతో ఉన్నా సరే, పాదిరి ఇంట్లోకి పారిపోయిన సైనికుడి జోలికి వెళ్ళరు. ఆయుధం పట్టని తెల్లవాళ్ళని, ఆడవాళ్ళని, పిల్లల్ని ముట్టుకోరు. గ్రీర్ నుంచి ఇలాంటి మాట తిరిగి రాలేదు. ఆ నియమాలు ఒక వైపు వాళ్ళు తమకి తామే పెట్టుకున్నవి.

ఇక్కడ ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి. యుద్ధంలో గాయపడ్డవాళ్ళని ఏ దేశం వాళ్ళైనా కాపాడాలని చెప్పే మొదటి జెనీవా ఒప్పందం మీద 12 దేశాలు సంతకం చేసింది 1864 ఆగస్టు 22న. టౌరంగా ఉత్తరం దానికన్నా దాదాపు ఐదు నెలలు ముందు రాసింది.

ఏప్రిల్ 29న యుద్ధం వచ్చింది. మిషన్ భూమి సరిహద్దులో ఒక గేటు ఉండేది, అందుకే ఆ చోటుకి గేట్ పా అని పేరు. పుకెహినహిన అన్నది మావోరీ పేరు. పా అంటే కందకాలు తవ్వి కట్టుకున్న కోట. రవిరి పుహిరకె నాయకత్వంలో సుమారు 230 మంది మావోరీలు అక్కడ ఉన్నారు. ఎదురుగా జనరల్ డంకన్ కామెరాన్ సుమారు 1,700 మందితో, పెద్ద ఫిరంగులతో దిగాడు. ఇందులో 43వ రెజిమెంట్ మన దేశం నుంచీ, 68వ రెజిమెంట్ బర్మా నుంచీ వచ్చినవి. తెల్లవారి నుంచి ఫిరంగులు మోగాయి. మావోరీలు భూమి లోపల తవ్వుకున్న గదుల్లో దాక్కుని నిశ్శబ్దంగా ఉన్నారు. లోపల అందరూ చచ్చి ఉంటారని అనుకుని సాయంత్రం సుమారు నాలుగింటికి సైనికులు లోపలికి దూకారు. కాళ్ళ కింద నుంచి తూటాలు వచ్చాయి. కాసేపట్లో వంద మందికి పైగా సైనికులు చనిపోయారు, లేదా గాయపడ్డారు. మిగిలినవాళ్ళు వెనక్కి పారిపోయారు.

చీకటి పడింది. కోట లోపల గాయపడ్డ సైనికులు మావోరీల చేతుల్లో మిగిలిపోయారు. అంతకుముందు గంటలో తమని చంపడానికి వచ్చినవాళ్ళే వాళ్ళు. నీళ్ళు కావాలని మూలుగుతున్నారు. అప్పుడు హేని తె కిరి కరము అనే ఆవిడ కొంచెం నీళ్ళు తీసుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ తె అరావా తెగ మనిషి, మిషన్ స్కూల్లో చదువుకుంది. యుద్ధానికి ముందు ఆడవాళ్ళని బయటికి పంపినా, తుపాకీతో పోరాడే మనిషిగా కోటలోనే ఉండిపోయింది. 43వ రెజిమెంట్ కల్నల్ బూత్‌కీ, మరికొందరికీ నీళ్ళు తాగించింది. బూత్ మర్నాడు చనిపోయాడు. నీళ్ళిచ్చింది తరతోవా అని చాలాకాలం చెప్పుకున్నారు. ఇంగ్లండ్‌లో లిచ్‌ఫీల్డ్ బిషప్ ప్రార్థనా మందిరంలో ఆయన పేరు మీద రంగుల అద్దాల కిటికీ కూడా పెట్టారు. తర్వాత హేని తానే నీళ్ళిచ్చానని చెప్పింది. చరిత్రకారులు ఎక్కువమంది ఆవిడ మాటనే నమ్ముతారు. ఆవిడ 1933 వరకూ బతికింది. నా దృష్టిలో ఇందులో పోటీ ఏమీ లేదు. నియమం ఒకరు రాశారు, ఇంకొకరు దాన్ని చేసి చూపించారు.

అదే రోజు అవతలి వైపు విలియం మాన్లీ అనే సైనిక డాక్టరు తూటాల మధ్యలో కమాండర్ హే అనే అధికారికి వైద్యం చేశాడు. మిగతా గాయపడ్డవాళ్ళని వెతకడానికి మళ్ళీ కోట దగ్గరికి వెళ్ళాడు. ఆయనకి విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ తర్వాత 1870-71 యుద్ధంలో గాయపడ్డ జర్మన్ సైనికులకి చేసిన సేవకి ఐరన్ క్రాస్ కూడా వచ్చింది. హేనికి పతకం రాలేదు.

మావోరీలు ఆ రాత్రే కోట వదిలి వెళ్ళిపోయారు. గాయపడ్డవాళ్ళని చంపలేదు, శవాలని పాడు చేయలేదు. పొద్దున్న లోపలికి వెళ్ళిన సైనికులు అది చూసి ఆశ్చర్యపోయారు.

ఎనిమిది వారాలు కూడా గడవలేదు. జూన్ 21న, గేట్ పాకి కొన్ని కిలోమీటర్ల లోపల తె రంగ అనే చోట మావోరీలు కొత్త కందకాలు తవ్వుతుండగా గ్రీర్ సుమారు 600 మందితో మీద పడ్డాడు. కందకాలు ఇంకా పూర్తి కాలేదు. సైనికులు బయొనెట్లతో దూకారు. వంద మందికి పైగా మావోరీలు చనిపోయారు. వాళ్ళు తవ్వుకున్న కందకాల్లోనే వాళ్ళని పూడ్చారు. రవిరి పుహిరకె అక్కడే చనిపోయాడు. తరతోవా కూడా. ఆయన శరీరం మీద దొరికిన కాగితంలో ఆ రోజు యుద్ధానికి నియమాలు, వాటితో పాటు రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలోని మాట ఉన్నాయి. శత్రువు ఆకలితో ఉంటే అన్నం పెట్టమనీ, దాహంతో ఉంటే నీళ్ళిమ్మనీ దాని అర్థం. పౌలు దాన్ని పాత నిబంధనలోని సామెతల గ్రంథం నుంచి తీసుకున్నాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తాను. బైబిల్లో ప్రాణం తీయడం గురించి ఒకే మాట లేదు. పది ఆజ్ఞల్లో ఉన్న మాటని తెలుగు బైబిల్ నరహత్య అని రాసింది. అంటే అన్యాయంగా ప్రాణం తీయడం. అదే బైబిల్లో యుద్ధాలున్నాయి, మరణశిక్షలున్నాయి. రోమా పత్రిక 12వ అధ్యాయం శత్రువుకి అన్నం పెట్టమంటుంది, ఆ వెంటనే 13వ అధ్యాయం పాలకుడి చేతిలో కత్తి ఊరికే లేదంటుంది. యుద్ధం చేయవచ్చా లేదా అని క్రైస్తవులు శతాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు.

బాగు చేయడం గురించి మాత్రం అంత గందరగోళం లేదు. ఎలీషా ప్రవక్త చేతికి చిక్కిన సిరియా సైనికులని చంపనివ్వలేదు, భోజనం పెట్టించి ఇంటికి పంపాడు. యేసు విశ్రాంతి దినాన రోగిని బాగు చేస్తే తప్పుపట్టినవాళ్ళని, ఆ రోజున ప్రాణం కాపాడటం ధర్మమా, తీయడం ధర్మమా అని ఎదురడిగాడు. తనని పట్టుకోవడానికి వచ్చినవాడి చెవి శిష్యుడు నరికితే, ఆ చెవిని నయం చేశాడు. ప్రాణం తీయడానికి ఎన్నో షరతులున్నాయి. బాగు చేయడానికి సరైన రోజు, సరైన మనిషి అనే షరతు లేదు.

తరతోవా మొదటి వాదాన్ని తేల్చలేదు. తన జనం భూమి కోసం తుపాకీ పట్టాడు, అది తప్పో ఒప్పో మనం ఇక్కడ కూర్చుని చెప్పడం తేలిక. ఆయన తేల్చింది ఇంకొకటి. ఎదుటివాడు కింద పడి తుపాకీ వదిలిన క్షణం నుంచి వాడు శత్రువు కాదు, దాహంతో ఉన్న మనిషి. మన భారతంలోనూ కురుక్షేత్రానికి ముందు ఇరుపక్షాలూ ఇలాంటి నియమాలే పెట్టుకున్నాయి. అవి ఒక్కొక్కటిగా ఎలా తెగిపోయాయో, చివరికి అశ్వత్థామ నిద్రపోతున్నవాళ్ళని ఎలా చంపాడో మనకి తెలుసు. నియమం రాయడం కష్టం కాదు. గెలిచిన రాత్రి దాన్ని పాటించడం కష్టం. గేట్ పాలో పాటించారు.

దానికి ప్రతిఫలం దక్కిందా? ఆగస్టులో టౌరంగా తెగలు లొంగిపోయినప్పుడు, యుద్ధంలో వాళ్ళు చూపిన మానవత్వాన్ని బట్టి నాలుగో వంతు కన్నా ఎక్కువ భూమి తీసుకోనని గవర్నర్ జార్జ్ గ్రే మాటిచ్చాడు. 1865లో 2,90,000 ఎకరాలని స్వాధీన ప్రాంతంగా ప్రకటించారు. అందులో 50,000 ఎకరాలు ప్రభుత్వం ఉంచుకుంది, మరో పెద్ద భాగం కొనుగోలు పేరుతో పోయింది. 2004లో వైతంగి ట్రిబ్యునల్ ఈ స్వాధీనం ఒప్పందానికి విరుద్ధమని తేల్చింది. ఇవాళ అక్కడ ఇల్లు కొనుక్కుంటున్న కుటుంబాల్లో మనవాళ్ళూ ఉన్నారు. ఈ నేల కథ తెలుసుకోవడం మనకి కనీస మర్యాద అని నేను అనుకుంటాను.

ఈసారి టౌరంగా వెళ్తే గేట్ పా దగ్గర ఒక అరగంట ఆగండి. పైస్ పా రోడ్ మీద తె రంగ దగ్గర కూడా ఆగండి, అక్కడ చనిపోయినవాళ్ళు ఆ నేలలోనే ఉన్నారు. ఊళ్ళోని పాత మిషన్ శ్మశానంలో బ్రిటిష్ సైనికుల సమాధులు, 1870లో తె రంగ నుంచి తెచ్చిన రవిరి పుహిరకె సమాధి ఒకే చోట కనిపిస్తాయి. ఏటా అక్టోబర్ 28న ఈ యుద్ధాల స్మారక దినం జరుగుతుంది. ఆంగ్లికన్ చర్చి జూన్ 21న తరతోవాని తలుచుకుంటుంది. పిల్లల్ని తీసుకెళ్ళండి, హేని గురించి కూడా చెప్పండి.