పొదుపుకు దారి చూపిన డాక్టరు గారు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని మన సంఘ కార్యవర్గం వారు కోరినారు. మన మొయినాబాదు మండలం పెద్దమంగళారంలో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డి గారి గురించి రాస్తానని మిత్రులు అనుకున్నారు. జిల్లాకే ఆయన పేరున్నది గనుక ఆయన చరిత్ర మనకు కొత్త కాదు. నేను ఎన్నుకున్నది బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారిని. ఆయన మన ప్రాంతం వారు కారు. అయినా బీజాపూరు రోడ్డుకు ఇరువైపులా భూములు అమ్ముకున్న కుటుంబాలకు, పెన్షను మీద బతికే మనకు, ఆయన జీవితంలో నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

పట్టాభి గారు 1880 నవంబరు 24న గుండుగొలను గ్రామంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నది. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి గంగమ్మ గారు పేదరికంలోనే పిల్లలను చదివించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ., ఆ పైన వైద్యవిద్య పూర్తిచేసి మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. ఆస్తి లేని ఇంట పుట్టినవానికి చదువే మొదటి పెట్టుబడి అనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. కొన్నాళ్ళకు, బాగా సాగుతున్న ప్రాక్టీసును వదులుకొని దేశసేవకు దిగారు. 1919లో జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక నడిపారు.

ఆనాటి డబ్బు సంగతి కొంత చెప్పుకోవాలి. కృష్ణా డెల్టాలో ఆనకట్ట వచ్చాక వరి బాగా పండేది. పంట వచ్చినప్పుడు చేతినిండా డబ్బు, మిగతా కాలమంతా షావుకారు గుమ్మంలో అప్పు. మిగిలిన నాలుగు రూపాయలు ఎక్కడ దాచుకోవాలో తెలియదు. మద్రాసులో అర్బత్‌నాట్ అనే పేరుమోసిన తెల్లదొరల సంస్థ ఎక్కువ వడ్డీ ఆశచూపి డిపాజిట్లు పుచ్చుకొని 1906లో దివాలా తీసింది. ఎందరో మధ్యతరగతి వారి జీవితకాలపు పొదుపు గంగలో కలిసింది. ఆ దొర జైలుకు పోయినా డబ్బు పోయిన వారి కష్టం తీరలేదు. ఆ మరుసటి ఏడే, 1907లో, మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టింది.

1904, 1912 సంవత్సరాల్లో వచ్చిన సహకార చట్టాలతో రైతులు పరపతి సంఘాలుగా ఏర్పడే వీలు కలిగింది. 1915లో పట్టాభి గారు కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకును స్థాపించారు. ఆ తరువాత 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించారు. నవంబరు 28న బందరులో అది పని ప్రారంభించింది. అధీకృత మూలధనం 10 లక్షలు, చెల్లించిన మూలధనం 1 లక్ష రూపాయలు. ఇప్పుడు మన వైపు ఒక చిన్న ప్లాటుకు కూడా చాలని ఆ లక్షతోనే ఒక పెద్ద సంస్థ మొదలైంది. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్తాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ నెలకొల్పారు. ఆ వరుసలో ఒక క్రమం ఉన్నది. మొదట రైతుకు అప్పు, తరువాత మిగులు దాచుకొనే చోటు, ఆ తరువాత సంపాదించేవాడు పోతే ఇంటికి ఆధారం. ఏ ఇంటి లెక్కకైనా ఇదే క్రమం.

ఆయన రాజకీయ జీవితం మీకు తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాను. 1935లో కాంగ్రెసు చరిత్ర రాశారు. 1939లో గాంధీజీ అండ ఉన్నా అధ్యక్ష ఎన్నికలో సుభాస్ చంద్ర బోసు చేతిలో ఓడిపోయారు. 1942లో నెహ్రూ, పటేల్ వంటి వారితో అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధంలో ఉన్నారు. 1948లో కాంగ్రెసు అధ్యక్షులైనారు. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న పరమపదించారు.

ఇందులో మనం గమనించవలసిన సంగతి ఒకటున్నది. స్థాపకుడు కోటలో ఖైదీగా ఉన్న కాలంలో కూడా బ్యాంకు తలుపులు తెరుచుకుంటూనే ఉన్నవి. ఎందుకంటే అది ఒక మనిషి మాట మీద నడిచేది కాదు. ఖాతా పుస్తకాలు, డైరెక్టర్లు, ఆడిటు, చట్టం దాన్ని నడిపినవి. మనం మాత్రం తెలిసినవాడు, మన ఊరివాడు, మన కులపువాడు అని చెప్పి కాగితం లేకుండా లక్షలు చేతిలో పెడుతున్నాము.

మా బంధువొకాయన రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీలో ఒక లక్షను చిట్టీలు నడిపే ఒక పరిచయస్తునికి ఇచ్చారు. నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి నూటికి 36. పద్నాలుగు నెలలు నెలకు మూడు వేలు చొప్పున 42 వేలు ముట్టినవి. ఆ తరువాత ఆ ఇంటికి తాళం పడ్డది. వడ్డీ వచ్చిందనుకున్నది వడ్డీ కాదు, తన సొమ్మే తిరిగి వచ్చింది. మిగిలిన 58 వేలు పోయినవి. నూటికి 36 ఇచ్చేవాడు అంతకంటె ఎక్కువ ఏ వ్యాపారంలో సంపాదిస్తాడో అడిగితే ఆ లెక్క ముందే తేలిపోయేది. నూటికి 8 వడ్డీతో చక్రవడ్డీగా వేసుకున్న సొమ్ము సుమారు తొమ్మిదేళ్ళకు రెట్టింపవుతుంది. నిదానమే, కాని నిద్ర పడుతుంది.

పట్టాభి గారి సంస్థలు కాలంతోపాటు మారినవి. 1956లో జీవిత బీమా జాతీయమై ఎల్.ఐ.సి. ఏర్పడింది. 1964లో భారతలక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసింది. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. అంతకు ముందే 2017లో మన హైదరాబాదు స్టేట్ బ్యాంకు కూడా ఎస్.బి.ఐ.లో కలిసింది. బోర్డులు మారినా ఖాతాదారుల సొమ్ము ఒక్క రూపాయి పోలేదు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. 2020 నుండి డిపాజిట్ బీమా ఒక ఖాతాదారునికి ఒక బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల వరకే. కలిసిపోయిన రెండు బ్యాంకుల్లోని ఖాతాలు ఇప్పుడు ఒక్క బ్యాంకు లెక్కలోకే వస్తవి.

కనుక సభ్యులకు నా మనవి. భూమి అమ్మిన సొమ్ము చేతికి వచ్చిన ఆరు నెలల దాకా కారు, ఫంక్షను మాట తలపెట్టకండి. కొంత పిల్లల చదువుకు, వాళ్ళు పెట్టుకొనే పనికి తీయండి. కొంత ఎవరూ కదపకుండా మీ ఇద్దరి పేరున వేయండి. పాసుపుస్తకంలో నామినీ పేరు ఉన్నదో లేదో చూసుకోండి. ఇంటి ఆడవాళ్ళకు ఆ కాగితాలెక్కడ ఉన్నవో చెప్పి ఉంచండి. తండ్రి లేని పిల్లవాడు చదువుతో పైకివచ్చి, తన సంపాదన వదులుకొని, పదిమంది సంపాదన నిలిచే చోటు కట్టిపెట్టారు. మనం కనీసం మన సొమ్ము లెక్క మనం చదువుకుందాము.