పీటర్ మెడవార్

ఒక మామిడి మొక్కకు మరొక మామిడి కొమ్మను అంటుకడితే కొన్ని వారాల్లో రెండూ ఒకటైపోతాయి. ఒక మనిషి చర్మాన్ని మరొక మనిషికి అతికిస్తే అలా కలిసిపోదు. మొదట కొద్ది రోజులు అతుక్కున్నట్లే కనిపిస్తుంది. తరువాత నల్లబడి, ఎండి, రాలిపోతుంది. మన శరీరానికి తనదేదో, పరాయిదేదో తెలుసు. ఆ తెలివి దానికి ఎలా అబ్బింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలో జీవితం గడిపిన శాస్త్రవేత్త సర్ పీటర్ మెడవార్.

మెడవార్ 1915 ఫిబ్రవరి 28వ తేదీన బ్రెజిల్ దేశంలోని పెట్రోపోలిస్ పట్టణంలో జన్మించాడు. తండ్రి లెబనాన్ దేశస్థుడు, తల్లి ఇంగ్లండు దేశస్థురాలు. బాల్యంలోనే ఇంగ్లండు చేరిన మెడవార్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం అభ్యసించాడు. 1937లో జీన్ టేలర్‌ను వివాహమాడాడు. ఆమె కడదాకా ఆయనకు చేదోడు వాదోడుగా నిలిచింది.

రెండవ ప్రపంచ యుద్ధపు తొలినాళ్ళవి. ఒకనాడు ఆక్స్‌ఫర్డులో మెడవార్ ఇంటికి సమీపంలో ఒక యుద్ధవిమానం కూలిపోయింది. అందులోని యువకుని ఒళ్ళు సగానికి మించి కాలిపోయింది. అతనికి కప్పడానికి అతని సొంత చర్మం చాలదు. ఇతరుల చర్మం నిలవదు. ఏం చేయాలని వైద్యులు మెడవార్‌ను అడిగారు. అంతవరకు ఆయన ప్రయోగశాలలో కణాలతో పనిచేసినవాడు. ఆ సంఘటన ఆయన పరిశోధనను కొత్త దారి పట్టించింది.

మెడవార్ గ్లాస్గో నగరంలోని ఆసుపత్రికి వెళ్ళి, శస్త్రవైద్యుడు థామస్ గిబ్సన్‌తో కలిసి పనిచేశాడు. అక్కడ ఒంటిమీద తీవ్రంగా కాలిన గాయాలతో ఒక యువతి ఉంది. ఆమెకు కొన్నిచోట్ల ఆమె చర్మపు ముక్కలనే, మరికొన్ని చోట్ల ఆమె సోదరుని చర్మపు ముక్కలను అతికించారు. ఆమె సొంత చర్మం అతుక్కుంది. సోదరుని చర్మం కొన్నాళ్ళు నిలిచి నశించింది. ఆ సోదరుని చర్మాన్నే రెండవసారి అతికించారు. ఈసారి అది మరింత త్వరగా నశించింది.

ఇక్కడే మెడవార్‌కు అసలు విషయం స్ఫురించింది. ఒకసారి మశూచి సోకిన శరీరం ఆ రోగాన్ని గుర్తుంచుకొని మరల దరిచేరనివ్వదు. అలాగే ఈ శరీరం సోదరుని చర్మాన్ని గుర్తుంచుకుంది. అంటే పరాయి చర్మాన్ని తోసివేసేది వ్యాధి నిరోధక శక్తే! గిబ్సన్, మెడవార్ ఈ విషయాన్ని 1943లో ప్రకటించారు. తరువాత మెడవార్ కుందేళ్ళపై ప్రయోగాలు చేసి దీనిని నిర్ధారించాడు.

1947లో మెడవార్ బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఆ రోజులలో పశుశాస్త్రజ్ఞుడు ఒకరు ఆయనకు ఒక సమస్య చెప్పాడు. కవల దూడలలో ఒకే అండం నుండి పుట్టినవి ఏవో, వేర్వేరు అండాల నుండి పుట్టినవి ఏవో కనిపెట్టడం ఎలా? ఒక దూడ చర్మాన్ని రెండవదానికి అతికించి చూస్తే తేలిపోతుందని మెడవార్ ధీమాగా చెప్పాడు. శిష్యుడు రూపర్ట్ బిల్లింగ్‌హామ్‌తో కలిసి ఆ పని చేశాడు. ఫలితం ఇద్దరినీ ఆశ్చర్యంలో ముంచింది. వేర్వేరు అండాల నుండి పుట్టిన కవలలు కూడా ఒకదాని చర్మాన్ని మరొకటి స్వీకరించాయి! ఒకటి కోడెదూడ, మరొకటి పెయ్యదూడ అయినా సరే.

తన అంచనా తప్పిందని మెడవార్ చిన్నబుచ్చుకోలేదు. ఎందుకు తప్పిందని ఆలోచించాడు. అమెరికా శాస్త్రజ్ఞుడు రే ఓవెన్ 1945లోనే ఒక సంగతి తెలియజేశాడు. తల్లి కడుపులో ఉండగా కవల దూడల రక్తం ఒకదానిలోనిది మరొకదానిలోకి ప్రవహిస్తుంది. పుట్టకముందే కలిసిన కణాలను శరీరం పరాయివిగా భావించడం లేదన్నమాట. తనది, పరాయిది అనే గుర్తింపు పుట్టుకకు ముందే నేర్చుకొనేది కావచ్చునని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మెక్‌ఫార్లేన్ బర్నెట్ 1949లో ఊహించాడు. ఆ ఊహను ప్రయోగంతో రుజువు చేయవలసి ఉంది.

1951లో మెడవార్ లండన్‌లోని యూనివర్సిటీ కళాశాలకు మారాడు. బిల్లింగ్‌హామ్, లెస్లీ బ్రెంట్ ఆయనతో ఉన్నారు. వారు తల్లి కడుపులో ఉన్న ఎలుకపిల్లలకు వేరొక జాతి ఎలుకల కణాలను ఎక్కించారు. ఆ పిల్లలు పుట్టి పెరిగిన తరువాత ఆ వేరొక జాతి చర్మాన్నే వాటికి అతికించారు. కొన్ని ఎలుకలలో ఆ చర్మం నిలిచింది. గోధుమరంగు ఎలుక వీపున తెల్లని వెంట్రుకలు పెరిగాయి! 1953లో ఈ ఫలితం వెలువడింది. పరాయి అవయవాన్ని శరీరం స్వీకరించేటట్లు చేయడం అసాధ్యం కాదని లోకానికి తెలిసింది. అవయవ మార్పిడికి కృషి చేస్తున్న వైద్యులకు ఇది కొండంత ధైర్యాన్నిచ్చింది.

1960లో మెడవార్, బర్నెట్‌లకు నోబెల్ బహుమతి లభించింది. ఈ విజయంలో సహచరుల పాలు కూడా ఉందని మెడవార్ భావించాడు. తనకు వచ్చిన సొమ్మును బిల్లింగ్‌హామ్, బ్రెంట్‌లతో పంచుకున్నాడు.

శరీరం ఈ గుర్తింపును ఎక్కడ నేర్చుకుంటుంది? 1961లో జాక్ మిల్లర్ అనే యువ శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుకలకు థైమస్ గ్రంథిని తొలగించి చూశాడు. అవి పరాయి చర్మాన్ని తోసివేయలేకపోయాయి. రొమ్ము ఎముక వెనుక ఉండే ఈ గ్రంథి ఒక పాఠశాల వంటిది. ఎముక మజ్జలో పుట్టిన కొన్ని కణాలు ఇక్కడికి వస్తాయి. ఇంగ్లీషులో థైమస్ పేరు టి అక్షరంతో మొదలవుతుంది కనుక వీటిని టి కణాలు అంటారు. ప్రతి కణానికీ ఒక్కొక్క రకం గ్రాహకం ఉంటుంది. ఒక తాళానికి ఒక తాళంచెవి వలె అది తనకు తగిన ఆకారాన్నే పట్టుకోగలదు. మన కణాలు తమలోని మాంసకృత్తుల తునకలను ఒక రకం అణువులపై పెట్టి ఉపరితలంలో చూపుతుంటాయి. ఆ అణువులను బొత్తిగా పోల్చుకోలేని టి కణాలు థైమస్‌లోనే నశిస్తాయి. శరీరపు సొంత తునకలను గట్టిగా పట్టుకొనేవి కూడా చాలావరకు అక్కడే నశిస్తాయి. నూటికి అయిదు కణాలైనా పరీక్ష నెగ్గి బయటికి రావు. వచ్చినవి ఒళ్ళంతా తిరుగుతూ, పరాయి తునక, అనగా ప్రతిజనకం, కనిపించినప్పుడు పోరుకు సిద్ధమవుతాయి. సోదరుని చర్మం రాలిపోవడానికి కారణం ఇవే.

చిత్రమేమంటే, థైమస్‌లోని ఈ కణాలకు పెద్ద ప్రాధాన్యం లేదని 1963లో మెడవార్ అభిప్రాయపడ్డాడు. ఆయన అంచనా మరొకసారి తప్పింది. ఎంతటి పండితుడు చెప్పినా ప్రయోగమే తుది తీర్పు చెబుతుందనడానికి ఇది ఒక నిదర్శనం.

1969లో ఎక్సెటర్ నగరంలోని చర్చిలో గ్రంథపఠనం చేస్తుండగా మెడవార్‌కు పక్షవాతం వచ్చింది. అప్పుడాయన వయస్సు 54 సంవత్సరాలు. ఎడమ చేయి, ఎడమ కాలు స్వాధీనం తప్పాయి. చూపు కూడా కొంత దెబ్బతింది. అయినా ఆయన ప్రయోగశాలను విడువలేదు. భార్య సహాయంతో రచనలు సాగించాడు. యువ శాస్త్రవేత్తల కోసం 1979లో ఒక పుస్తకం, 1986లో తన జీవితకథ ప్రచురించాడు. 1987 అక్టోబరు 2వ తేదీన లండన్‌లో కన్నుమూశాడు.

నేడు ఒకరి మూత్రపిండంతో మరొకరు ఏళ్ళ తరబడి బ్రతుకుతున్నారు. టి కణాలను అదుపులో ఉంచే మందులు ఇందుకు తోడ్పడుతున్నాయి. కాలిన ఒంటిపై రాలిపోయిన చర్మపు ముక్కను చూసి, ఎందుకిలా జరిగిందని మెడవార్ అడిగిన ప్రశ్న ఇంతమందికి ప్రాణదానానికి దారి తీసింది.