మహమూద్ ఎసత్ బోజ్‌కుర్త్ – లోటస్ వ్యాజ్యం

నడిసముద్రంలో రెండు ఓడలు ఢీకొని ప్రాణనష్టం జరిగినచో, నేరవిచారణాధికారం ఏ దేశానిది? ఈ ప్రశ్నపై ఫ్రాన్సు వంటి అగ్రరాజ్యాన్ని ఎదిరించి గెలిచిన టర్కీ న్యాయశాఖామంత్రి మహమూద్ ఎసత్ జీవితాన్ని విద్యార్థి మిత్రులకు పరిచయం చేయదలచినాము.

ఆయన 1892లో ఏజియన్ సముద్రతీరాన కుషాదాసి పట్టణంలో జన్మించారు. ఇస్తాంబుల్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి, పైచదువులకై స్విట్జర్లాండు వెళ్ళారు. అచ్చట ఆయన పరిశోధనకు ఎన్నుకొన్న విషయం కాపిట్యులేషన్లు. ఉస్మానియా సామ్రాజ్యంలో నివసించే పాశ్చాత్యులు అనేక వ్యాజ్యాలలో స్థానిక న్యాయస్థానాలకు గాక తమ కాన్సలుల విచారణకే లోబడుటకు వీలు కల్పించిన విశేష హక్కులవి. సొంతగడ్డపై సొంత న్యాయాధిపతికి విలువ లేకపోవుట ఆ యువకుని మనస్సును ఎంతగా కలచివేసినదో ఆయన తరువాతి జీవితమే చెప్పుచున్నది. 1919లో గ్రీకు సైన్యాలు ఇజ్మీరును ఆక్రమించగానే స్వదేశానికి మరలివచ్చి ప్రతిఘటనలో పాల్గొన్నారు. 1923 నాటి లోజాన్ సంధితో కాపిట్యులేషన్లు రద్దయినవి. మరుసటి సంవత్సరమే ఆయన న్యాయశాఖామంత్రి అయినారు. స్విస్ చట్టం ఆధారంగా 1926లో వెలువడిన టర్కీ పౌరస్మృతి ఆయన హయాములోనిదే.

ఆ సంవత్సరమే ఆగస్టు 2న, అర్ధరాత్రికి కొంచెం ముందు, లెస్బోస్ ద్వీపపు సిగ్రి అగ్రానికి ఉత్తరాన ఫ్రెంచి టపా ఓడ లోటస్, బోజ్‌కుర్త్ అనే టర్కీ బొగ్గు ఓడను ఢీకొన్నది. బొగ్గు ఓడ రెండుగా చీలి మునిగిపోయినది. ఎనిమిదిమంది టర్కీ జాతీయులు మరణించారు. పదిమందిని లోటస్ రక్షించినది. ఆ ఓడ ఇస్తాంబుల్ చేరిన పిమ్మట, ప్రమాద సమయాన విధిలోనున్న అధికారి దెమోన్స్‌ను, బోజ్‌కుర్త్ కప్తాను హసన్ బేను టర్కీ అధికారులు నిర్బంధించారు. ఫ్రెంచి అధికారికి 80 దినాల కారాగారం, 22 పౌన్ల జుల్మానా. టర్కీ కప్తానుకు అంతకన్న కొంచెం ఎక్కువ శిక్ష! పక్షపాతమని ఆరోపించేవారు ఈ సంగతి గమనింపదగును.

ఏ దేశపు జలాలకూ చెందని చోట జరిగిన ప్రమాదంలో ఫ్రెంచి జెండా గల ఓడపై అధికారిని ఫ్రెంచి న్యాయస్థానమే విచారించవలెనని పారిస్ ప్రభుత్వం తీవ్రంగా నిరసించినది. టర్కీ వెనుకకు తగ్గలేదు. అయితే తగవు పెంచుకొనక హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి పోవుటకు అంగీకరించినది. మా దృష్టిలో ఆ అంగీకారమే ఈ కథలో అన్నింటికన్న వివేకవంతమైన చర్య.

1927 ఆగస్టులో మంత్రి స్వయంగా హేగ్ వెళ్ళి, ఫ్రెంచి పక్షాన వాదించిన ఆచార్య బాదెవాంకు ఎదురు నిలిచారు. నేరఫలితం టర్కీ ఓడపై సంభవించినది గనుక అది టర్కీ భూమిపై జరిగినట్లేననీ, టర్కీ విచారణను నిషేధించే అంతర్జాతీయ నియమమేదీ లేదనీ టర్కీ పక్షపు వాదం. సెప్టెంబరు 7న పన్నెండుమంది న్యాయమూర్తులు ఆరుగురు చొప్పున చీలిపోగా, అధ్యక్షుడు మాక్స్ హూబర్ నిర్ణాయక ఓటుతో టర్కీ గెలిచినది. 1934లో ఇంటిపేర్ల చట్టం వచ్చినప్పుడు ఆయన స్వీకరించిన పేరు, మునిగిన ఆ ఓడ పేరే.

ఇచ్చట ఒక చేదు నిజాన్ని దాచుట మాకు ఇష్టం లేదు. 1930 సెప్టెంబరులో ఓదెమిష్ పట్టణంలో ప్రసంగిస్తూ, టర్కీలో శుద్ధ టర్కులు కానివారికి సేవకులుగా, బానిసలుగా ఉండే హక్కు తప్ప వేరు హక్కు లేదని ఆయన ప్రకటించారు. అగ్రరాజ్యం ముందు తన జాతికి సమానత్వం కోరిన నోటనే ఈ మాట వెలువడినది. అల్పసంఖ్యాకుల విద్యాలయంలో చదువుకొనుచున్న మనము ఆయన విజయాన్ని ఎంత మెచ్చినను, ఈ మాటను మాత్రం మన్నింపజాలము. ఆ నెలలోనే ఆయన మంత్రిపదవి వీడి, పిదప అధ్యాపకవృత్తిలో గడిపి, 1943 డిసెంబరు 21న ఇస్తాంబుల్‌లో మరణించారు.

హేగ్ తీర్పు సైతం చిరకాలం నిలువలేదు. 1952 నాటి బ్రస్సెల్స్ ఒప్పందం, 1958 నాటి జెనీవా ఒప్పందం, 1982 నాటి సముద్రన్యాయ ఒప్పందం, మూడునూ నడిసముద్రంలో ఓడలు ఢీకొన్నప్పటి నేరవిచారణను ఓడ జెండా దేశానికి లేదా నిందితుని స్వదేశానికే అప్పగించినవి. అనగా ఫ్రాన్సు నాడు ఓడిన వాదమే నేడు చట్టం. అయినను 2012లో కేరళ తీరానికి ఆవల ఇటలీ నావికుల తుపాకులకు మన జాలరులిద్దరు బలియైనప్పుడు, 2013లో మన సుప్రీంకోర్టు సైతం లోటస్ తీర్పును మరల పరిశీలించినది. అది ఓడలు ఢీకొన్న ప్రమాదం కాదు గనుక జెండా దేశానికే విచారణాధికారమనే నియమం దానికి వర్తింపదని నిర్ణయించినది.