నడక నేర్పిన బాపూజీ

1869 అక్టోబర్ 2న పోర్‌బందర్‌లో పుట్టిన గాంధీజీకి రాజ్‌కోట్ హైస్కూల్లో చదివేటప్పుడు ఆటలన్నా, కసరత్తన్నా అయిష్టం. ఒక కారణం బిడియం. రెండోది, చదువుకూ వ్యాయామానికీ సంబంధం లేదనే అపోహ. అది తప్పని తర్వాత గ్రహించారు. కానీ ఆరుబయట నడక మేలని పుస్తకాల్లో చదివి, తనకు నచ్చిన ఆ ఒక్క అలవాటును పట్టుకున్నారు. 1888లో లండన్ వెళ్ళాక, బండి ఖర్చు మిగులుతుందని రోజూ 8, 10 మైళ్ళు నడిచేవారు. డబ్బూ మిగిలింది, ఆరోగ్యమూ నిలిచింది. 1930లో 60 ఏళ్ళు దాటిన వయసులో ఉప్పు సత్యాగ్రహానికి సబర్మతి నుంచి దండి వరకు 24 రోజుల్లో సుమారు 385 కిలోమీటర్లు నడిచారు. 1948 జనవరి 30న ప్రార్థనకు నడిచి వెళ్తూనే అమరులయ్యారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పొద్దున్నే గంట కొడితే దుప్పటి ముసుగేసే మనకు ఆటలు నచ్చకపోతే నడక ఉంది. దానికి ఫీజు లేదు. రేపే మొదలుపెడదాం.