యల్లాప్రగడ సుబ్బారావు

పాడైన ఆహారం తిన్నా, మురికినీరు తాగినా విరేచనాలు పట్టుకొంటాయి. సాధారణంగా అవి నాలుగు రోజుల్లో తగ్గిపోతాయి. సంగ్రహణి అలా తగ్గే జబ్బు కాదు. ఇంగ్లీషు వైద్యంలో దీనిని స్ప్రూ అంటారు. నీటితోను, ఆహారంతోను కడుపులో చేరిన సూక్ష్మజీవుల వల్లనే ఇది మొదలవుతుందని వైద్యులు భావిస్తారు. పేగుల లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది ఒంటబట్టదు. రక్తం క్షీణించి రోగి చిక్కిపోతాడు.

ఈ జబ్బు సుబ్బారావు ఇంట ఎనిమిది రోజుల తేడాతో ఇద్దరు సోదరులను బలిగొన్నది. తరువాత ఆయనకూ సోకింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారు చేసిన ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స బోధించే దొరగారికి అది నచ్చలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఉష్ణదేశపు వ్యాధులను గురించి చదవడానికి ఆయన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. చేతిలో డబ్బు లేదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని. ఆ పనికి ఆయన సిగ్గుపడలేదు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. అంత పేరు వచ్చినా హార్వర్డ్‌లో శాశ్వతమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరారు.

సంగ్రహణికి మందు కనిపెట్టాలన్నది ఆయన పాత పట్టుదల. కాలేయంలోను, ఆకుకూరల్లోను అతి స్వల్పంగా ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందం ప్రయోగశాలలోనే తయారు చేసింది. దానిని ఇచ్చి చూస్తే సంగ్రహణి రోగులకు మళ్ళీ రక్తం పట్టింది. అయితే పేగుల్లోని సూక్ష్మజీవుల సంగతి మిగిలే ఉంది. ఆయన పర్యవేక్షణలోనే డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే మందును సాధించాడు. 1948లో అది వెలుగులోకి వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదే మొదటిది. నేడు సంగ్రహణికి ఫోలిక్ ఆమ్లాన్ని, టెట్రాసైక్లిన్‌ను కలిపి ఇస్తారు.

ఈ జోడు చికిత్స వాడుకలోకి వచ్చేనాటికి సుబ్బారావు లేరు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయస్సులో, అమెరికాలోనే కన్నుమూశారు. వెళ్ళిన తరువాత ఆయన స్వదేశానికి ఒక్కసారి కూడా తిరిగిరాలేదు. పావగడ ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు రక్తం పట్టడానికి ఇచ్చే ఇనుము మాత్రలో కలిసి ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే.