కర్ట్ కొబేన్: గుసగుసా, గర్జనా

అమెరికా వాయవ్య తీరాన, వాషింగ్టన్ రాష్ట్రంలో, ఆబర్డీన్ అనే చిన్న పట్టణమున్నది. కలప వ్యాపారానికీ, ఎడతెగని వానలకూ పేరుపొందిన ఆ ఊరిలో 1967 ఫిబ్రవరి 20న కర్ట్ కొబేన్ జన్మించినాడు. తొమ్మిదేళ్ల వయసులో తల్లిదండ్రులు విడిపోయినారు. ఆపై ఆ బాలునికి నిలకడైన ఇల్లు లేకపోయినది. పద్నాలుగవ పుట్టినరోజున మేనమామ బహూకరించిన గిటారు అతనికి తోడైనది.

1987లో మిత్రుడు క్రిస్ట్ నొవొసెలిక్‌తో కలిసి అతడు స్థాపించిన రాక్ బృందానికి చివరకు స్థిరపడిన పేరు నిర్వాణ. తాపమంతా చల్లారిన స్థితికి బౌద్ధులు పెట్టిన పేరది. 1989లో వెలువడిన తొలి ఆల్బమ్ 'బ్లీచ్' రికార్డింగుకు అయిన ఖర్చు సుమారు 600 డాలర్లు మాత్రమే.

కొబేన్ ఎడమచేతి వాటం కలవాడు. వేళ్ల వేగంతో అబ్బురపరచే విద్వాంసుడు కాడు. రెండు మూడు తీగలను కలిపి మీటే మొరటు స్వరాలు, వాటిని గరగరలాడించే చిన్న విద్యుత్ పెట్టె, ఇవే అతని ప్రధాన సాధనాలు. చరణం గొణుగుడుగా సాగుతుంది. పల్లవి రాగానే పాదం పెట్టెను తాకుతుంది, ధ్వని పిడుగువలె విరుచుకుపడుతుంది. మరుక్షణమే మరల అణగుతుంది. ఈ నడకను పిక్సీస్ అనే బోస్టన్ బృందం నుంచి గ్రహించినట్లు అతడే ఒప్పుకొన్నాడు. బీటిల్స్ పాటలపై చిన్ననాటి మక్కువ మాత్రం ఆ రొదలోనూ మాధుర్యాన్ని నిలిపినది.

1991 సెప్టెంబరు 24న 'నెవర్‌మైండ్' విడుదలైనది. 1992 జనవరిలో అది మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ను తొలగించి అమెరికాలో ప్రథమస్థానం ఆక్రమించినది. కీర్తితోపాటు క్లేశమూ వచ్చినది. బడిలో తనవంటి బక్కపిల్లలను హింసించిన రకపువారే తన పాటలకు గంతులు వేయడం అతనికి దుస్సహమైనది. జాతిద్వేషులూ, స్త్రీద్వేషులూ తన శ్రోతలుగా ఉండవద్దని 1992 నాటి సంకలనానికి జతపరచిన వ్యాసంలో నిష్కర్షగా కోరినాడు. 1993లో 'ఇన్ యుటెరో'ను కావాలనే కర్కశంగా వినిపింపజేసినాడు. అయినను జనం తగ్గలేదు.

కడుపునొప్పి, మాదకద్రవ్యం అతనిని క్రుంగదీయుచుండగా, 1993 నవంబరు 18న న్యూయార్కులో ఒక టెలివిజన్ కచేరీ జరిగినది. వేదిక నిండా లిల్లీ పూలు, కొవ్వొత్తులు. విద్యుద్ఘోష చాలవరకు తగ్గినది. పేరుమోసిన తన పాటను విడిచి, పద్నాలుగింట ఆరు ఇతరుల పాటలే పాడినాడు. చివరిది లెడ్ బెల్లీ అనే నల్లజాతి జానపద గాయకుని నుంచి నేర్చినది. గర్జనను తీసివేసినను పాట నిలిచినది. అతడు దాచుకొన్న గానం ఆనాడు తేటతెల్లమైనది.

1994 ఏప్రిల్ 5న సియాటిల్‌లోని స్వగృహంలో కొబేన్ తన ప్రాణం తానే తీసుకొన్నాడు. అప్పటికి వయస్సు 27. భార్యనూ, రెండేళ్లు నిండని కుమార్తెనూ విడిచిపోయినాడు. ఆ కచేరీ ఆల్బమ్ అదే ఏడాది నవంబరులో వెలువడి, అదీ ప్రథమస్థానానికి చేరినది. ఈసారి లోకం విన్నది గుసగుసనే; వినిపించినవాడు మాత్రం లేడు.