అమెరికాకు ముందు అమీర్‌పేట.. నలందాకు ముందు శ్రీవిజయ

అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లోకి ఒక్కసారి వెళ్లి చూడండి. జావా, డేటా సైన్స్, క్లౌడ్ అంటూ ఫ్లెక్సీలు, చేతిలో పెట్టే డెమో క్లాసుల పాంప్లెట్లు, మెటీరియల్ కోసం జిరాక్స్ షాపుల ముందు క్యూలు. ఉద్యోగానికో, అమెరికాకో వెళ్లే ముందు మనవాళ్లు ఆగే మజిలీ ఇది. దాదాపు 1,350 ఏళ్ల కిందట కూడా ఇలాంటి మజిలీ ఒకటుండేది. సుమత్రా దీవిలోని శ్రీవిజయ రేవు, అంటే ఇప్పటి పాలెంబాంగ్. అక్కడ నేర్చుకునే కోర్సు సంస్కృత వ్యాకరణం. స్టూడెంట్ పేరు ఇత్సింగ్.

గ్రూప్స్‌కి చదివేవాళ్లకు ఈయన ఒక బిట్‌గా తెలుసు. ఫాహియాన్, హుయాన్‌త్సాంగ్‌ల తర్వాత మూడో పేరు. నాకైతే ముగ్గురిలో ఈయనే ఎక్కువ నచ్చుతాడు.

క్రీ.శ. 635లో పుట్టాడు. చిన్నప్పుడే బౌద్ధ మఠంలో చేరాడు. భారత్ వెళ్లాలన్న కోరిక టీనేజ్ నుంచే ఉన్నా, బయల్దేరేసరికి 36 ఏళ్లొచ్చాయి. కలిసి వెళ్దామన్న మిత్రులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. (ఐఈఎల్‌టీఎస్ కలిసి రాద్దామనుకున్న మీ గ్యాంగ్‌లో చివరికి ఎంతమంది మిగిలారో గుర్తుచేసుకోండి.) 671 చివర్లో, వెంట ఒక్క కుర్ర శిష్యుడితో, గ్వాంగ్‌జౌలో పారశీక నౌక ఎక్కాడు. ఇరవై రోజుల్లోపే శ్రీవిజయ చేరాడు. ఆ శిష్యుడూ జబ్బుపడి ఇంటికెళ్లిపోయాడు. ఈయన ఒంటరిగా ఆరు నెలలు ఉండి వ్యాకరణం నేర్చుకున్నాడు.

అసలు రేవులో చదువేంటి అంటారా? అంతా గాలి మహిమ. చైనా నుంచి ఈశాన్య రుతుపవనాలతో దిగిన నౌకలు మళ్లీ గాలి మళ్లేదాకా కదల్లేవు. వానపడితే పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద మనం ఓ గంట ఆగుతాం. వాళ్లు నెలలు ఆగేవాళ్లు. అలా ఆగే జనంతో, రాజు అండతో అక్కడ వెయ్యిమందికి పైగా భిక్షువులు పోగయ్యారు. భారత్ వెళ్లాలనుకునే చైనా భిక్షువులు ముందు అక్కడ ఒకట్రెండేళ్లు తర్ఫీదు పొందాలని ఇత్సింగ్ తర్వాత సలహా కూడా రాశాడు.

673లో బెంగాల్ తీరంలోని తామ్రలిప్తిలో దిగాడు. నలందా దారిలో జబ్బు చేసి గుంపు వెనకబడిపోతే దొంగలు ఒంటిమీద బట్టలు కూడా వదల్లేదు. ఒంటికి బురద పూసుకుని, ఆకులు కప్పుకుని, నడిచి నడిచి రాత్రికి తనవాళ్లను కలుసుకున్నాడు. నలందాలో సుమారు పదేళ్లు చదివాడు. మన నాగార్జునకొండతో ముడిపడ్డ ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసిన లేఖ సుహృల్లేఖను చైనా భాషలోకి అనువదించింది కూడా ఈయనే.

685లో తిరుగు ప్రయాణం. దాదాపు 400 గ్రంథాలతో మళ్లీ శ్రీవిజయలో దిగాడు. అనువాదం మొదలుపెడితే అక్కడ సరైన కాగితం, సిరా దొరకలేదు. 689లో వాటికోసం ఊరికి ఉత్తరం పంపుదామని రేవులో ఉన్న ఓడ ఎక్కాడు. అంతలో గాలి అందుకుంది, ఓడ కదిలిపోయింది! గ్రంథాలన్నీ ఒడ్డున, తానేమో గ్వాంగ్‌జౌలో. ఇంకొకరైతే ఇల్లు చేరాం చాల్లే అనుకునేవారేమో. ఈయన నలుగురు సహాయకులను వెంటబెట్టుకుని కొన్ని నెలల్లోనే మళ్లీ సముద్రమెక్కాడు. 695లో లోయాంగ్ చేరితే మహారాణి వూ స్వయంగా ఎదురొచ్చింది. 713లో చనిపోయేలోపు 56 గ్రంథాలు అనువదించాడు.

ఇంతకీ ఆ రేవు ఎక్కడుందన్నది తర్వాత లోకం మరిచిపోయింది. ఇత్సింగ్ రాసిన షిలిఫోషి, శాసనాల్లోని శ్రీవిజయ ఒకటేనని ఫ్రెంచ్ పండితుడు జార్జ్ సెడెస్ 1918లో తేల్చాడు. అక్కడ ఎనిమిదో నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం నీడ పడదని ఇత్సింగ్ రాసిపెట్టాడు. అంటే భూమధ్యరేఖకు దగ్గరన్నమాట, మనోడిచ్చిన జీపీఎస్ పిన్! 1920లో పాలెంబాంగ్‌లో శ్రీవిజయ పేరున్న శాసనం దొరికింది. 680ల నాటిది, ఇత్సింగ్ నలందాలో చదువుకుంటున్న రోజుల్లో చెక్కింది. భాష పాత మలయ్. లిపి మాత్రం పల్లవ లిపి, మన తెలుగు అక్షరాలకు దగ్గరి చుట్టం.